మాణిక్యమ్మ గారి మణికట్టు

ముందే ఒక మాట చెప్పేస్తాను. మాణిక్యమ్మ గారి చెయ్యి విరిగినప్పుడు ఆ బండి వెనక సీటు మీద ఉన్నది నేనే. తప్పులో సగం నాది. ముప్పై రెండేళ్ళు మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, సగం అంటే సగమే. అంతకు మించి ఒప్పుకోమంటే ఒప్పుకోను.

మాది భవానీపురంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. నేను రెండో అంతస్తు, ఆవిడ నాలుగు. ఆవిడ భర్త వెంకటకృష్ణారావు గారికి వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపుంది. మేకులు, స్క్రూలు, బందులు, గొళ్ళేలు, తాళాలు. ఉయ్యూరు పక్క చెరుకు తోటల వాళ్ళు, పెళ్ళైన కొత్తలోనే బెజవాడ వచ్చి షాపు పెట్టారు. మంచి మనిషండీ. తాగడు, తిట్టడు, భార్య మీద చెయ్యెత్తి ఎరగడు. ఆయనకున్నది ఒకటే జబ్బు. "ఉండు, నేను దింపుతాగా!" అంటాడు.

గుడికెళ్ళాలన్నా, పంటి డాక్టరు దగ్గరికెళ్ళాలన్నా, చెల్లెలి మనవడి బారసాలకెళ్ళాలన్నా అదే మాట. ఆవిడ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, కింద పార్కింగులో వాచ్‌మన్ కుర్చీలో కూర్చునేది. షాపు నుంచి ఫోను వచ్చేది, పది నిమిషాల్లో వస్తున్నానని. ఆ పది నిమిషాలు నలభై అయ్యేవి. ఒకసారి ఒళ్ళు మండి లెక్క వేశాను. ముప్పై మూడేళ్ళ కాపురం, వారానికి రెండుసార్లు, సగటున నలభై నిమిషాలు. రాత్రీ పగలూ కలిపితే తొంభై అయిదు రోజులు. మనిషి తొంభై అయిదు రోజులు పట్టుచీరలో కుర్చీకి అంటుకుని ఉందన్నమాట. ఆ లెక్క ఆవిడకి చెప్తే నవ్వేసి, "ఆటోలో వెళ్తే ఆయన నొచ్చుకుంటారండీ" అంది.

అలాంటి మనిషి మొన్న అక్టోబరులో మా తలుపు కొట్టి, గుమ్మంలోనే నిలబడి, "టీచరు గారూ, నాకు స్కూటీ నేర్పుతారా?" అని అడిగింది. వయసు యాభై ఆరు. నేను తెల్లబోయాను.

"ఎక్కడికి వెళ్దామనండీ?" అన్నాను.

"ఎక్కడికీ కాదు. ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారి బయటికెళ్ళి రావాలనుంది. అంతే."

నేను కాబట్టి అర్థం చేసుకున్నాను. వేరేవాళ్ళయితే పిచ్చి పట్టిందనుకునేవారు. రిటైరయ్యాక మూలపడ్డ నా పాత స్కూటీని ఆవిడకే అమ్మేశాను, కాగితాలు కూడా ఆవిడ పేరు మీదికి మార్చాం. కానీ బండి మాత్రం నా పార్కింగులోనే ఉంచాం, చూసినవాళ్ళు నాదే అనుకునేట్టు. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కూడా రాయించాను. రోడ్డు గుర్తులన్నీ కంఠతా పట్టి ఒక్క తప్పు లేకుండా పాసయింది. ఆ కాగితం ఏప్రిల్ పదిహేడు దాకా పనికొస్తుంది. ఈలోగా బండి పరీక్ష కూడా ఇచ్చేస్తే లైసెన్సు చేతికొస్తుంది.

ఇంట్లో మాత్రం వాకింగ్ అని చెప్పాం. రోజూ పొద్దున్నే ఆరింటికి ఇద్దరు ఆడవాళ్ళు వాకింగ్‌కి బయల్దేరతారు, ఒకావిడ చేతిలో రైతుబజారు సంచి, సంచిలో హెల్మెట్. వాకింగ్‌కి అంత పెద్ద సంచి ఎందుకని వెంకటకృష్ణారావు గారికి మూడు నెలల్లో ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మేకు సైజు చేత్తో తడిమి చెప్పేస్తాడని ఆయనకి వన్‌టౌన్‌లో పేరు.

జనవరి ఇరవై ఏడో తారీఖు. ఆ పొద్దున బాగానే నడుపుతోంది, నది పక్క రోడ్డు మీద. బెజవాడలో బండి నడిపేవాళ్ళకి ఒక అలవాటుందని మీకు తెలిసిందే. అమ్మవారి కొండ కనపడగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. లారీవాడు, ఆటోవాడు, చెవిలో ఫోను ఇరికించుకుని పోయే కాలేజీవాడు, అందరూ ఒక చెయ్యి వదిలి ఓసారి గుండె తాకి, పెదాలు తాకి పోతారు. కుడిచెయ్యి యాక్సిలరేటరు మీదుంటుంది కాబట్టి కొందరు ఎడంచేత్తోనే కానిచ్చేస్తారు. మాణిక్యమ్మ గారికి అది నచ్చలేదు. అమ్మవారికి ఎడంచేత్తో దణ్ణమేమిటి, కళ్ళు పోవూ? అందుకని రెండు చేతులూ వదిలేసి నిండుగా నమస్కారం పెట్టింది.

మరి నువ్వేం చేస్తున్నావే శాంతకుమారీ అంటారా? నేనూ రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని ఉన్నాను. తెరిచేసరికి రోడ్డు మీదున్నాను.

నాకు మోకాలు గీరుకుంది. ఆవిడ పడేటప్పుడు కుడి అరచెయ్యి నేలకి ఆనించింది. లేచి చీర దులుపుకుని ముందు బండి అద్దం చూసుకుంది, ఆ తర్వాత నన్ను చూసింది. చెయ్యి నొప్పిగా ఉందని అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరికొచ్చాక చెప్పింది. పెద్దగా వాపు కూడా లేదు, బొటనవేలి మొదట్లో సలుపు, అంతే. బెణుకే అనుకున్నాం.

ఇంట్లో చెప్పక తప్పలేదు. వెంకటకృష్ణారావు గారు అంతా విన్నాడు. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. "చూశావా మాణిక్యం, అమ్మవారే ఆపింది నిన్ను," అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజూ ఆ రోడ్డు మీద అన్ని వేల బళ్ళు పోతుంటే అమ్మవారు పనిగట్టుకుని ఈవిడ బండినే ఆపిందా?

బెణుకు మాట తెలిసేసరికి ఉయ్యూరు నుంచి తిరుపతిరావు గారు దిగాడు. వెంకటకృష్ణారావు గారికి బావగారు, షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఎదురుకాళ్ళతో పుట్టాడు. అలా పుట్టినవాళ్ళు కాలితో తాకితే నడుం పట్టు పోతుందని మనవాళ్ళ నమ్మకం. ఆ హోదాలో నలభై ఏళ్ళుగా ఊళ్ళో నడుములన్నీ తన్నుకుంటూ వచ్చాడు. రాగానే సున్నం బెల్లం కలిపి చేతికి పట్టు వేయించాడు, బెల్లం కూడా ఉయ్యూరు నుంచే తెచ్చాడు. తర్వాత పంచె ఎగదోసి, "చెయ్యి ఇలా నేల మీద పెట్టు చెల్లెమ్మా," అన్నాడు.

"అది నడుముకండీ, చేతికి కాదు," అని అడ్డం పడ్డాను.

"నడుముకి పనికొచ్చిన కాలు చేతికి పనికిరాదా టీచరు గారూ? లెక్కల్లో మీరు గొప్పే కావచ్చు, ఇది వేరే సబ్జెక్టు."

నేను ఆవిడ చేతి మీద పీట బోర్లించి దాని మీద కూర్చున్నంత పని చేశాను. చివరికి ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. దాంతో మగవాళ్ళిద్దరూ కాఫీ తాగి పడుకున్నారు.

పది రోజులైంది. ఆవిడ గరిట ఎడంచేత్తో తిప్పుతోంది. పచ్చడి సీసా మూత పట్టుకుని ఎంత బలం పెట్టినా తిరగదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఇక లాభం లేదని ఆటోలో ఎక్కించి సూర్యారావుపేటలో హెలెన్ అనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. గుడివాడ అమ్మాయి, చేతుల ఆపరేషన్లే ఆవిడ పని. పొట్టిగా, నవ్వుతూ ఉంటుంది. మాణిక్యమ్మ గారి బొటనవేలు చాపమని, దాని మొదట్లో పడే చిన్న గుంటలో వేలితో నొక్కింది. ఈవిడ కుర్చీలోంచి ఎగిరిపడింది.

స్కానింగు తీశాక డాక్టరమ్మ బొమ్మ చూపించింది. "మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయమ్మా. ఇది జీడిపప్పంత ఉంటుంది, ఆకారం కూడా అంతే. ఇదిగో, నడుం దగ్గర విరిగింది. మొదటి ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనపడదు. పైగా ఈ ఎముకకి రక్తం తక్కువ అందుతుంది, అందుకే నెమ్మదిగా అతుకుతుంది."

దారులు రెండున్నాయంది. ఒకటి పిండికట్టు, మూడు నెలలు, ఒక్కోసారి నాలుగు. రెండోది చిన్న గాటు పెట్టి లోపల ఒక స్క్రూ వేసి ముక్కలు రెండూ బిగించడం. అప్పుడు కొద్ది వారాల్లో తేలికపాటి పనులు మొదలుపెట్టొచ్చు. "రెండింటితోనూ అతుకుతుందమ్మా. స్క్రూతో తొందరగా పనిలో పడతారు. కానీ ఆపరేషనంటే ఆపరేషనే, దాని ఇబ్బందులు దానికుంటాయి," అని ఆ ఇబ్బందులు కూడా దాచకుండా చెప్పింది.

మాణిక్యమ్మ గారు ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఏప్రిల్ పదిహేడుకి ముందు బండి నడపగలనా అండీ?"

డాక్టరమ్మ నా మొహం చూసింది, ఆవిడ మొహం చూసింది. "కట్టయితే కుదరదు. స్క్రూ అయితే, ఎముక అతికిందని స్కానింగులో తేలితే, కుదరొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను."

ఆటోలో తిరిగొస్తూ నేను తెలివిగా, "ఎల్‌ఎల్‌ఆర్ పోతే పోయింది, మళ్ళీ తీసుకోవచ్చు కదండీ," అన్నాను.

"అప్పుడు ఎవరికీ తెలీదు కాబట్టి తీసుకున్నాను. ఇప్పుడు అందరికీ తెలుసు," అంది. మళ్ళీ తనే, "వాళ్ళు వద్దంటారని కాదు టీచరు గారూ. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే నాకే మళ్ళీ ధైర్యం రాదు. నా సంగతి నాకు తెలుసు," అంది. ఆవిడకి చేతికన్నా ఆ భయమే ఎక్కువగా ఉంది.

ఆ సాయంత్రం నాలుగో అంతస్తులో సభ జరిగింది. చెయ్యి ఆవిడది, సోఫాల్లో కూర్చున్నది మగవాళ్ళు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది. తిరుపతిరావు గారు ప్రారంభోపన్యాసం ఇచ్చాడు. ఒంట్లో ఇనుముంటే ఉరుములప్పుడు ప్రమాదమట. చలికాలం చలి లాగుతుందట. పైగా గన్నవరంలో విమానం ఎక్కబోతే మిషను కూత పెట్టి అందరి ముందూ పరువు తీస్తుందట. ఈవిడ గన్నవరం వైపు వెళ్ళింది జన్మలో ఒక్కసారి, అదీ ఎవరి పెళ్ళికో, బస్సులో.

వెంకటకృష్ణారావు గారు ఉదారంగా, "మూడు నెలలెంతలో తిరిగొస్తాయి మాణిక్యం? వంటమనిషిని పెడతాను. నువ్వు మంచం దిగక్కర్లేదు. ఎక్కడికన్నా వెళ్ళాలంటే నేను లేనా, దింపుతాగా," అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఈలోగా ఆ బండి పిచ్చి కూడా వదుల్తుంది," అని నవ్వాడు.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ మాట్లాడింది. "నాకు స్క్రూనే కావాలండీ."

ఆ ఇంట్లో ఆవిడ 'నాకు కావాలి' అనడం నేను వినడం అదే మొదలు. అసలు ఆ సోఫా సెట్టుకి కూడా అదే మొదలయ్యుంటుంది. ఆయన ఏదో చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వాడు. "స్క్రూల గురించి నాకే చెప్తున్నావా? ముప్పై మూడేళ్ళుగా అదే తిండి తింటున్నాను. ఎముకలో వేస్తే గట్టిగా నిలవదు. ఆ డాక్టరమ్మతో నేను మాట్లాడతా."

మర్నాడు మాట్లాడటానికి వెళ్ళాం, నలుగురం. ఆడపిల్ల డాక్టరు కదా, రెండు ప్రశ్నల్లో నీళ్ళు తాగించొచ్చని వెంకటకృష్ణారావు గారి అంచనా. కుర్చీలో కూర్చోగానే మొదలుపెట్టాడు. "ఎన్ని ఎంఎం అండీ మీది? స్టీలా? మరలు ఎన్ని? ఏ కంపెనీది?"

డాక్టరమ్మ సొరుగు తీసి, ప్లాస్టిక్ ఎముకల చెయ్యి ఒకటి, చిన్న డబ్బాలోంచి ఒక స్క్రూ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది చూపించడానికి ఉంచుకున్నదండీ. టైటానియం."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "దీనికి తలేదీ?"

"ఉండదండీ. తలుంటే పక్క ఎముకకి రాసుకుంటుంది. ఇది పూర్తిగా లోపలే మునిగిపోతుంది."

"తల లేకపోతే ముక్కల్ని దగ్గరికి ఎలా లాగుతుందమ్మా? తలే కదా నొక్కాల్సింది! ఆ మాత్రం మాకు తెలీదా?" అని గెలిచినవాడిలా మా వైపు చూశాడు.

"రెండు చివర్ల మరలూ ఓసారి చూడండి."

చూశాడు. వేలి గోరుతో ఒక చివర గీరాడు, రెండో చివర గీరాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక చివర మరలు ఎడంగా ఉన్నాయి, రెండో చివర దగ్గర దగ్గరగా ఉన్నాయి. ముందు చివర ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, వెనక చివర తక్కువ పోతుంది. కాబట్టి తిప్పేకొద్దీ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి హత్తుకోక చస్తాయా? లెక్కల టీచర్ని, నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. ఆయనకి అంత కూడా పట్టలేదు.

"వార్నీ!" అన్నాడు. "మధ్యలో బోలు కూడా ఉందే!"

"ముందు సన్నటి తీగ గుచ్చి, ఎక్స్‌రేలో దారి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాం. ఆ తీగ మీదుగా స్క్రూ ఎక్కిస్తాం."

"వార్నీ, వార్నీ! బావా, చూశావా? ఎవడు కనిపెట్టాడో గానీ వాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి!" ఆయన కళ్ళు చెమర్చాయి, అబద్ధమాడితే నా నాలుక పడిపోతుంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో భార్య మొహంలోకి ఆయన అంత పరీక్షగా చూసి ఉంటాడని నేననుకోను. "అమ్మా, ఇదే వెయ్యండి. రేపే వెయ్యండి. కట్టూ గిట్టూ ఏం వద్దు."

చూశారా? నొప్పి చెప్తే ఒప్పుకోలేదు, కావాలంటే ఒప్పుకోలేదు. స్క్రూ ముఖం చూసి ఒప్పుకున్నాడు. మాణిక్యమ్మ గారు మాత్రం ఊపిరి వదిలింది. ఏ దారిన వచ్చినా రానీ అనుకుందేమో.

ఒప్పుకోలు కాగితం బల్ల మీదికి రాగానే ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. డాక్టరమ్మ కాగితాన్ని పక్కకి జరిపింది. "ఆవిడ సంతకం కావాలండీ."

"దాని చెయ్యే కదమ్మా బాగాలేనిది! నేను పెడతాగా."

"ఎడంచేత్తో ఎలా వచ్చినా పరవాలేదు."

మాణిక్యమ్మ గారు పెన్ను ఎడంచేతికి తీసుకుంది. 'మా' రాయడానికే ఒక నిమిషం పట్టింది. 'ణి' గుడి ఎటో పోయింది. తిరుపతిరావు గారు గడియారం చూసుకున్నాడు, వెంకటకృష్ణారావు గారు షాపు ఫోను కట్ చేశాడు. ఆవిడ తొందరపడలేదు. పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా రాసి, కింద గీత కూడా గీసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. చెయ్యి వరకే మత్తిచ్చారు, మనిషి మెలకువగానే ఉంది. ఆ రోజు నుంచి వెంకటకృష్ణారావు గారి హడావుడి చెప్పనలవి కాదు. ఎక్స్‌రే ఫొటో ఫోనులో పెట్టుకుని షాపుకొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. తలుపు గడియ కోసం వచ్చిన వడ్రంగులు కూడా మాణిక్యమ్మ గారి మణికట్టు చూసి పోయారు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆవిడని "బాగున్నావా" అని ఒక్క ముక్క అడిగి, మిగతా గంటసేపు స్క్రూ గురించి విని, కాఫీ తాగి వెళ్ళేవారు. ఆ కాఫీ ఎడంచేత్తో ఆవిడే కలిపేది. తిరుపతిరావు గారు ఉయ్యూరు నుంచి అయస్కాంతం ముక్క తెచ్చి చేతికి ఆనించి చూశాడు. అది అంటుకోలేదు. "ఇనుము కాదు బావా, టైటానియం!" అని ఈయన ఛాతీ పొంగించాడు. ఆయనకి నమ్మకం కుదరక ఫ్రిజ్‌కి కూడా ఆనించి, అయస్కాంతం పనిచేస్తోందని ఖాయం చేసుకున్నాడు.

ఆవిడ మాత్రం ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా చెప్పిన వ్యాయామాలన్నీ చేసింది. మెత్తటి బంతి పిసికేది. తర్వాత తడిగుడ్డ పిండేది. తర్వాత చపాతీ పిండి. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే లెక్కపెట్టేది, ఇరవై చెయ్యమంటే ఇరవై. ఇంకో పది చెయ్యమని నేను గదిమితే, "డాక్టరమ్మ ఇరవయ్యే చెప్పారండీ," అనేది. అప్పుడు నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. ఆవిడ మంచికే కదా చెప్తున్నాను!

ఏప్రిల్ ఎనిమిదిన మళ్ళీ స్కానింగు తీశారు. డాక్టరమ్మ బొమ్మ చూసి, చెయ్యి తిప్పించి చూసి, పిడికిలి పట్టించి చూసి, "అతికిందమ్మా. జాగ్రత్తగా నడపండి," అంది. మాణిక్యమ్మ గారు ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని భోరున ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. ముక్కు చీదుకుంటూనే పరీక్షకి పదిహేనో తారీఖు బుక్ చేశాను.

ఇక్కడ వెంకటకృష్ణారావు గారు కొత్త పేచీ తీశాడు. "బండి నడపడం నాకు ఇష్టం లేక కాదు మాణిక్యం. అంత చక్కటి స్క్రూ! మళ్ళీ పడ్డావంటే ఏమైపోతుంది?" ఆవిడ పదిహేనో తారీఖు పొద్దున హెల్మెట్ సంచిలో పెట్టకుండా చేత్తో పట్టుకునే లిఫ్టు దిగింది. నేను వెనకెక్కాను. ఎల్‌ఎల్‌ఆర్ బండి మీద లైసెన్సున్న మనిషి ఉండాలి కదా, నేను లేకపోతే ఎలా?

పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో గీత గీసి ఉంటుంది, కాలు ఆనకుండా తిరిగి రావాలి. నేను గట్టు మీద నిలబడి, "ఎడమకి! ఇప్పుడు కుడి! మెల్లగా! బ్రేకు!" అని అరుస్తూనే ఉన్నాను. ఇన్‌స్పెక్టరు నా దగ్గరికొచ్చి, "పరీక్ష మీకా ఆవిడకా అమ్మా?" అన్నాడు. ఆవిడ నా వైపు చూడనే లేదు. పెదవులు బిగించి, కుడిచెయ్యి యాక్సిలరేటరు మీద మెత్తగా ఆడిస్తూ, ఎనిమిది మొత్తం తిరిగొచ్చి ఆపింది. పాసయింది.

లైసెన్సు వచ్చాక నేను మొదటి ప్రయాణానికి ప్లాను గీశాను. ఆదివారం, ట్రాఫిక్ తక్కువ. గొల్లపూడి దాకా వెళ్ళి రావడం. ఆవిడ ముందు, నేను వెనక. ఎక్కడ ఆగి కొబ్బరినీళ్ళు తాగాలో కూడా అనుకున్నాను.

గురువారం పొద్దున తొమ్మిదింటికి కూరగాయలకని కిందికి దిగితే నా పార్కింగు ఖాళీగా ఉంది. దొంగలనుకున్నాను ముందు. ఫోను చేస్తే ఎత్తలేదు. నాలుగో అంతస్తుకి పరుగెత్తితే తలుపు తాళం వేసి ఉంది, లోపల ఫోను మోగుతోంది. అంటే ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్ళింది. మరిచిపోయిందా, కావాలనే పెట్టిందా? వెంకటకృష్ణారావు గారికి నేనే ఫోను చేశాను. జన్మలో మొదటిసారి ఆయన నిజంగానే పది నిమిషాల్లో వచ్చాడు.

ఇద్దరం గేటు దగ్గర నిలబడ్డాం. "మీకు చెప్పే వెళ్ళి ఉంటుంది," అన్నాడు.

"నాకు చెప్పలేదండీ."

"మీకు చెప్పకుండా ఎలా వెళ్తుంది?" అన్నాడు. నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను. దింపడాలూ, తీసుకురావడాలూ చేసిన మొగుడికి చెప్పకపోతే న్యాయం. నేర్పినదాన్ని, కిందపడి మోకాలు చీరుకున్నదాన్ని, ఆటోల్లో తిప్పినదాన్ని, నాకు కూడానా? నా మనసులో అన్ని రకాల ప్రమాదాలూ వరసగా జరిగిపోయాయి. లారీ, బస్సు, గేదె, గుంత. గంటయింది. రెండు గంటలయింది. ఆయన గేటు దాకా వెళ్ళడం, రావడం.

పదకొండూ ఇరవైకి వీధి మలుపులో ఇండికేటరు వెలిగింది. నిదానంగా తిరిగి, గేట్లోంచి లోపలికొచ్చి, గీతల మధ్య ఆపి, స్టాండు వేసింది. హెల్మెట్ తీసింది. ఎండకి మొహం కందగడ్డలా ఉంది, చెంపలకి జుట్టు అంటుకుని ఉంది. చేతిలో సంచి లేదు, పొట్లం లేదు, ప్రసాదం లేదు. ఎక్కడికెళ్ళిందో చెప్పే వస్తువు ఒక్కటి కూడా లేదు.

వెంకటకృష్ణారావు గారు రెండడుగులు ముందుకేశాడు. ఇక మొదలవుతుందనుకున్నాను. ఆయన ఆవిడ కుడిచేతి వైపు చూశాడు. "నొప్పి పుట్టలేదు కదా?" అన్నాడు.

"లేదండీ," అంది.

అంతే. ఇంకేం అడగలేదా మనిషి. తల ఊపి పక్కకి తప్పుకున్నాడు. నాకు ఆగలేదు.

"ఎక్కడికెళ్ళారండీ? రెండు గంటల పైన! ఫోను కూడా ఇంట్లో వదిలేసి! ఒక్క మాట చెప్తే నేను వెనక వచ్చేదాన్ని కదా!"

ఆవిడ లిఫ్టు బటన్ నొక్కబోయి నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. కాస్త జాలి ఉందేమో, నాకు తెలీదు.

"మీరు కూడానా టీచరు గారూ?" అంది.

లిఫ్టు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ ఎక్కడికెళ్ళిందో నాకు ఇవాళ్టికీ తెలీదు. రోజూ నోటిదాకా వస్తుంది, అడగను.